నాన్నగారి టార్గెట్ పిస్టల్ నా పేరుకి మారింది. లోపలంతా కొబ్బరినూనె జిగురు. పాడుచేయకుండా ఎలా శుభ్రం చేయాలి?

రాసినవారు: సైనిక్‌పురి టీచర్

అందరికీ నమస్కారం. మా నాన్నగారు పోయి రెండేళ్లు దాటింది. ఆయన .22 టార్గెట్ పిస్టల్ లైసెన్సు పోయిన నెల నా పేరుకి మారి, పిస్టల్ ఇంటికి వచ్చింది. వాల్తర్ జీఎస్పీ. జర్మనీలో ఉల్మ్ ఊళ్లో తయారైంది. మ్యాగజైన్ పిడిలో కాకుండా ట్రిగ్గర్‌కి ముందు ఉంటుంది, ఐదు గుళ్లు పడతాయి. నాన్న దీన్ని 1981లో ఆట మానేస్తున్న ఒక సీనియర్ షూటర్ దగ్గర కొన్నారు.

ఆయన స్టాండర్డ్ పిస్టల్ ఈవెంట్ ఆడేవారు. 25 మీటర్ల దూరం, మొత్తం 60 షాట్లు. ఐదేసి షాట్లకి మొదట 150 సెకన్లు, తర్వాత 20, చివరికి 10. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఆదివారం పొద్దున్నే స్టాప్‌వాచ్ నా చేతికిచ్చి, ఇస్త్రీపెట్టె పట్టుకుని హాల్లో గోడమీది నల్లచుక్క వైపు చెయ్యి చాపి నిలబడేవారు. నేను "టైమ్" అనేదాకా చెయ్యి దించేవారు కాదు. కంట్లో శుక్లం వచ్చాక రేంజ్‌కి వెళ్లడం తగ్గించేసి, 1998 తర్వాత పూర్తిగా మానేశారు. లైసెన్సు మాత్రం ఎప్పుడూ తప్పకుండా రెన్యువల్ చేయించేవారు.

ఇక పిస్టల్ పరిస్థితి. ఏటా దసరాకి ఆయుధపూజలో అమ్మ దీనికి పసుపు కుంకుమ పెట్టేది. పూజ అయ్యాక నాన్న కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, మల్లు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేవారు. ఇరవై ఏళ్లకు పైగా ఇలాగే జరిగింది. ఇప్పుడు బోల్టు (బ్యారెల్ వెనకవైపు మూసే, ముందుకీ వెనక్కీ జారే ఇనపముక్క) వెనక్కి లాగితే సగం దాకా వచ్చి, ముదురు పాకంలో ఇరుక్కున్నట్టు ఆగిపోతోంది. లోపల గోధుమరంగు జిగురు. బ్యారెల్ పక్కన చెక్కిన అక్షరాల్లో కుంకుమ గట్టిగా గడ్డకట్టి ఉంది. ఆయన పోయాక నిబంధన ప్రకారం లైసెన్సున్న డీలర్ దగ్గర డిపాజిట్ చేశాం. పద్నాలుగు నెలలు అక్కడే తోలు సంచిలో ఉంది. తోలు ఆనుకున్న ఎడమవైపు ఆవగింజలంత తుప్పు మచ్చలు వచ్చాయి. తిరిగి తెచ్చుకున్నరోజు అవి చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇంకోటి. బోల్టు వెనక నుంచి నల్లటి రబ్బరు పొడి రాలుతోంది. అదేమిటో అర్థం కావట్లేదు.

నేను ఇప్పటిదాకా మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, చాంబర్ (బ్యారెల్ వెనక గుండు కూర్చునే చోటు) ఖాళీగా ఉందని టార్చి వేసి చూడటం తప్ప ఏమీ చేయలేదు. పక్కింటి అంకుల్ బ్రాసోతో రుద్దమన్నారు. ఒక వీడియోలో డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి వదిలేయమన్నారు. నాకు రెండూ చేయబుద్ధి కాలేదు. కొత్తదానిలా మెరవాలని నాకు లేదు. నాన్న వాడినప్పుడు ఎలా ఉండేదో అలా పనిచేయాలి, అలాగే కనిపించాలి. తెలిసినవారు దయచేసి చెప్పండి. 1994 నాటి గుళ్లు కూడా ఒక పెట్టెలో 31 ఉన్నాయి, లైసెన్సులో రాసి ఉన్నాయి. వాటినేం చేయాలి?

---

రాసినవారు: గచ్చిబౌలి 25 మీటర్లు

అక్కా, ముందు ఒక్క మాట. ఖాళీ చాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కి చూడకండి. .22 గుండు అంచు మీద దెబ్బ పడితే పేలే రకం కదా. చాంబర్లో గుండు లేకపోతే ఫైరింగ్ పిన్ వెళ్లి చాంబర్ అంచుకే తగులుతుంది, అక్కడ నొక్కు పడుతుంది. ఆ తర్వాత పేలిన గుండు తాలూకు ఖాళీ కేసు బయటికి రాకుండా ఇరుక్కుంటుంది. మా బ్యాచ్‌లో ఒకడి పిస్టల్‌కి ఇలాగే అయ్యి నేషనల్స్ ముందు నానా టెన్షన్ పడ్డాడు.

ఆ నల్లపొడి బోల్టు వెనక్కి కొట్టుకున్నప్పుడు దెబ్బ తీసుకునే బఫర్‌ది అనుకుంటా. పాత జీఎస్పీల్లో అది కాలం గడిచేకొద్దీ పొడి అయిపోతుంది. అది లేకుండా కాలిస్తే ఇనుము మీద ఇనుము కొట్టుకుంటుంది. మార్చేదాకా ఒక్క షాట్ కూడా వద్దు.

మీ పిస్టల్ ఇప్పటికీ మంచి పిస్టలే. ఈశా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల పిస్టల్‌లో మెడల్స్ తెచ్చాక మా రేంజ్‌కి వచ్చే చిన్నపిల్లలు బాగా పెరిగారు. వాళ్లలో చాలామంది ఇలాంటి పిస్టల్‌ని దగ్గర్నుంచి చూడనే లేదు. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్‌కి లైసెన్సుతో సహా తీసుకురండి, సీనియర్లు చూస్తారు.

---

రాసినవారు: అల్వాల్ ఆర్మరర్ (రిటైర్డ్)

అమ్మా, నేను పోలీసు ఆయుధాగారంలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. బ్రాసో పట్టుకోకుండా ఆగారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. తుప్పు వల్ల పాడైన ఆయుధాలు నా చేతికి ఎన్ని వచ్చాయో, అతిగా రుద్ది పాడుచేసినవీ అన్ని వచ్చాయి. బ్రాసోలో మెత్తటి రాపిడి పొడి ఉంటుంది. అది తుప్పుతోపాటు ఇనుము మీది నల్లటి పూతని కూడా తీసేస్తుంది. పూత పోయిన చోట మళ్లీ తుప్పు ఇంకా తొందరగా వస్తుంది.

పని ఎక్కడ చేస్తారన్నది ముందు తేల్చుకోండి. వంటింట్లో వద్దు, భోజనాల బల్ల మీద వద్దు. పిస్టల్ లోపలి మసిలో సీసం ఉంటుంది. కిటికీ ఉన్న గదిలో పాత న్యూస్‌పేపర్లు పరుచుకుని, చేతికి గ్లవ్స్ వేసుకుని చేయండి. అయ్యాక ఆ గుడ్డలు, పేపర్లు ఒక కవర్లో కట్టేసి పడేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. గుళ్లు ఆ గదిలోనే ఉండకూడదు. మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, చాంబర్లోకి కంటితో చూసి, వేలితో తాకి కూడా చూడండి. టీ తాగడానికి లేచి వచ్చినా మళ్లీ అదే చేయండి. ముప్పై నాలుగేళ్లలో నేను ఈ అలవాటు ఒక్కరోజు తప్పలేదు.

ఇప్పుడు జిగురు సంగతి. కొబ్బరినూనె జుట్టుకి మంచిది, ఆయుధానికి కాదు. మన దగ్గర డిసెంబర్‌లో సీసాలోనే గడ్డకడుతుంది కదా, సందుల్లోనూ అంతే. పైగా ఏళ్లు గడిచేకొద్దీ ముక్కిపోయి బంకలా మారుతుంది. దాన్ని గీకకూడదు, కరిగించాలి. ఇప్పుడు కిరసనాయిలు దొరకడం కష్టం. పెయింట్ల షాపులో మినరల్ టర్పెంటైన్ అడగండి. పెట్రోలు మాత్రం వద్దు, అగ్గి పుడుతుంది. మాన్యువల్ చూసి ఎంతవరకు విప్పమంటే అంతవరకే విప్పండి. జీఎస్పీలో ట్రిగ్గర్ భాగం మొత్తం ఒకే దిమ్మలా బయటికి వస్తుంది. ఆ దిమ్మని పక్కన పెట్టేయండి. దానిమీది స్క్రూలు మీ నాన్నగారు తన వేలికి తగ్గట్టు తిప్పుకున్నవి. ఒక్కటి కూడా కదిలించొద్దు. టర్పెంటైన్‌లో ముంచొద్దు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

బోల్టుని, అది జారే దారులని పాత టూత్‌బ్రష్‌తో టర్పెంటైన్ రాసి పది నిమిషాలు వదిలేయండి, గుడ్డతో తుడవండి, మళ్లీ రాయండి. ఇరవై ఏళ్ల జిగురు ఒక పూటలో పోదు. రెండు మూడు ఆదివారాలు పెట్టుకోండి. మిగిలిన రబ్బరు ముక్కల్ని ముందే చిమటాతో ఏరేయండి. అవి టర్పెంటైన్‌లో నానితే ఇంకో జిగురు తయారవుతుంది.

కుంకుమ. అమ్మగారిని నొప్పించే మాట కాదు గానీ, అది ఇనుము మీద ఉండకూడదు. అది తేమని పట్టి ఉంచుతుంది. చెక్కిన అక్షరాల్లో ఉన్నది వెదురు టూత్‌పిక్ కొస టర్పెంటైన్‌లో ముంచి ఒక్కో అక్షరమే తీయండి. సూదితో వద్దు. ఇక మీదట బొట్టు పెట్టె మూతకి పెట్టుకోండి. మా ఆయుధాగారంలో కూడా దసరాకి పూజ ఘనంగా చేసేవాళ్లం. బొట్లన్నీ ర్యాకులకే.

తుప్పు మచ్చలకి నా పద్ధతి చెబుతాను. ఇంట్లో పాత నయాపైసా ఉందేమో వెతకండి. 1957లో వచ్చిన కంచు పైసా. కంచు ఉక్కు కన్నా మెత్తన, కానీ పెళుసు తుప్పుని లేపేంత గట్టి. మచ్చ మీద గన్ ఆయిల్ చుక్క వేసి రాత్రంతా వదిలేసి, పొద్దున ఆ పైసా అంచుతో నెమ్మదిగా గోకితే తుప్పు పెచ్చులా లేస్తుంది, కింద పూత నిలుస్తుంది. అక్కడ చిన్న గుంట మిగిలితే మిగలనివ్వండి. అది పోయేదాకా రుద్దితే పూత పోతుంది. సీరియల్ నంబరు ఉన్నచోట గుడ్డ తప్ప ఇంకేదీ తగలనివ్వొద్దు. నంబరు చెరిగిన ఆయుధం దగ్గర ఉంటే ఆయుధాల చట్టం కింద మీ మీదే కేసు అవుతుంది, అది మీరు చెరిపినా చెరపకపోయినా మీరే సంజాయిషీ చెప్పుకోవాలి.

బ్యారెల్ లోపల తక్కువ పని. .22 గుండు ఉత్త సీసం, పైన మైనం పూత ఉంటుంది. కాల్చిన కొద్దీ ఆ మైనం గొట్టం లోపల పలచటి పొరలా పట్టి కాపాడుతుంది. టార్గెట్ బ్యారెల్స్ కాల్చి కాల్చి అరిగినవి చాలా తక్కువ, రాడ్డు వంకరగా తోసి మూతి దగ్గర గీతలు పడినవే ఎక్కువ. అందుకని మీరు రాడ్డు వాడకండి. చేపల గాలానికి వాడే నైలాన్ తీగ మడిచి, మడతలో ఫ్లానెల్ గుడ్డ ముక్క పెట్టి, చాంబర్ వైపు నుంచి మూతి వైపు లాగండి. మేము దీన్ని పుల్‌త్రూ అంటాం, ఆ గుడ్డముక్కని చిందీ అంటాం. ఎన్‌సీసీలో చేసినవాళ్లకి తెలుసు. రైఫిల్‌కి శుభ్రం చేసే చిందీ నాలుగంగుళాలు బై రెండు, నూనె చిందీ నాలుగు బై ఒకటిన్నర. మీ .22కి అంత పెద్దది పట్టదు, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద ముక్కతో మొదలుపెట్టి చూసుకోండి. బిగుసుకుంటే బలవంతం చేయకుండా వెనక్కి తీసి చిన్నది కత్తిరించండి. టర్పెంటైన్ చిందీ రెండు, పొడి చిందీలు నల్లదనం తగ్గేదాకా, చివర నూనె వాసన చూపించినట్టు ఒక్కటి. కాల్చేరోజు ఆ నూనె కూడా పొడి చిందీతో తీసేయాలి.

డబ్ల్యూడీ-40 తడిని తోసేయడానికి పనికొస్తుంది. దాన్నే కందెనలా వదిలేస్తే కొన్నాళ్లకి అదీ జిగురే. కుట్టుమిషన్ నూనె ఒకరోజుకి ఫర్వాలేదు, కానీ వర్షాకాలం తట్టుకోదు. గన్ ఆయిల్ చిన్న సీసా కొనండి. బోల్టు జారే దారుల్లో అగ్గిపుల్ల కొసతో పెట్టినంత చాలు.

పాత గుళ్లు కాల్చకండి, చెత్తలోనూ వేయకండి. లైసెన్సు తీసుకెళ్లి డీలర్ దగ్గర గానీ పోలీస్ స్టేషన్‌లో గానీ అప్పగించి రసీదు తీసుకోండి.

దాచేటప్పుడు తోలు సంచి వద్దు. తోలు ఊనడానికి వాడే ఉప్పులు, పులుపు సరుకు అందులోనే ఉంటాయి, తేమ తగిలితే ఇనుముని తింటాయి. స్పాంజి పరిచిన పెట్టె కూడా జులై నుంచి సెప్టెంబర్ దాకా తడిగుడ్డతో సమానం. నూనె రాసిన నూలుగుడ్డలో వదులుగా చుట్టి, తాళం ఉన్న ఇనప పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. రంగు మారే రకం బేగంబజార్‌లో దొరుకుతుంది. నీలం గులాబీ అయితే మార్చేయాలి.

---

రాసినవారు: సైనిక్‌పురి టీచర్

సార్, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ప్రింట్ తీసి బీరువా తలుపుకి అంటించాను. నయాపైసా అమ్మ పోపులపెట్టెలో దొరికింది!

పిడి గురించి అడగడం మర్చిపోయాను. అక్రోటు చెక్క. నాన్న తన అరచేతికి సరిపోయేలా దానిమీద ఉడ్ ఫిల్లర్ మెత్తి, ఎండాక గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ మెత్తి చేసుకున్నారు. విప్పి చూస్తే లోపలివైపు పెన్సిల్‌తో తేదీలు ఉన్నాయి. ఒకచోట "బొటనవేలు దగ్గర ఇంకా తీయాలి" అని ఉంది. బయట చెమటకి నల్లబడింది, బొటనవేలు ఆనేచోట గాజులా నున్నగా మెరుస్తోంది. నా చెయ్యి చిన్నది, నాకు సరిపోదు. నా చేతికి తగ్గట్టు దీన్ని అరగదీయించుకోవాలా? ఆ నలుపు తీసేయాలా?

---

రాసినవారు: చెక్కపని

అమ్మా, నాది పాత ఫర్నిచర్ బాగుచేసే పని, టేకు, రోజ్‌వుడ్ ఎక్కువ. పిస్టల్ గురించి నాకు తెలీదు, చెక్క గురించి చెబుతాను. దాన్ని అరగదీయొద్దు. మీరు ఆడాలనుకుంటే మీ చేతి సైజుకి వేరే పిడి కొనుక్కోండి, స్క్రూలతో మార్చుకునేదే కదా. ఇది విడిగా దాచుకోండి.

నలుపులో రెండు రకాలుంటాయి. పైన ఉన్న మురికి వేరు, చెక్కలోకి ఇంకిన రంగు వేరు. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, ఒకసారి తుడవండి. గుడ్డకి వచ్చింది మురికి. రానిది మీ నాన్నగారి చెయ్యి పెట్టిన రంగు, అది ఉండనివ్వండి. లోపలివైపు తడి తగలనివ్వొద్దు, పెన్సిల్ రాత చెదిరిపోతుంది. ఒకరోజు నీడలో ఆరాక కాచిన అవిసెనూనె నాలుగు చుక్కలు అరచేత్తో రుద్ది, పావుగంట తర్వాత మిగిలింది పొడిగుడ్డతో తుడిచేయండి. ఫిల్లర్ ఉన్నచోట నూనె ఇంకదు, అక్కడ వెంటనే తుడిచేయాలి, లేకపోతే బంకగా ఉండిపోతుంది.

ఇది మాత్రం మర్చిపోవద్దు. అవిసెనూనె గుడ్డల్ని ఉండచుట్టి డబ్బాలో పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. మా షెడ్డులో ఒకసారి అలాగే రాత్రిపూట పొగ వచ్చింది. దండెం మీద పరిచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరేసి అప్పుడు పారేయండి.

---

రాసినవారు: తాతగారి రివాల్వర్

మేడమ్, లైసెన్సు మీ పేరుకి మారడానికి ఏమేం అడిగారో రాస్తారా? మా తాతగారిది ఇంకా పోలీస్ స్టేషన్‌లోనే ఉంది. మా నాన్న పేరు మీద ఇప్పటికే రెండు ఉన్నాయి.

---

రాసినవారు: సైనిక్‌పురి టీచర్

నా విషయంలో మరణ ధ్రువీకరణ పత్రం, లీగల్ హెయిర్ సర్టిఫికెట్, అమ్మ, తమ్ముడు తమకి అభ్యంతరం లేదని ఇచ్చిన అఫిడవిట్లు, నాన్న పాత లైసెన్సు, డిపాజిట్ రసీదు అడిగారు. తర్వాత ఇంటికొచ్చి విచారణ చేశారు. ఆయుధం ఎలా పట్టుకోవాలో ట్రైనింగ్ తీసుకున్న సర్టిఫికెట్ కూడా పెట్టాను. మీ నాన్నగారి పేరుకి మాత్రం కుదరదండీ. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక్కరి దగ్గర రెండు ఆయుధాలకి మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చిందైనా సరే. మీ పేరు మీదో ఇంకో వారసుడి పేరు మీదో అప్లై చేయండి. స్టేషన్ రసీదు మాత్రం భద్రం, మాకు అన్నిచోట్లా మొదట అడిగింది అదే.

---

రాసినవారు: సైనిక్‌పురి టీచర్

మూడు ఆదివారాలు అయ్యాయి. ఏం జరిగిందో రాస్తున్నాను.

మొదటి ఆదివారం బోల్టు ఒక్కటే. టూత్‌బ్రష్ పెట్టగానే టర్పెంటైన్ టీ రంగులోకి తిరిగింది. కొబ్బరి ముక్కిన వాసన గదంతా. మూడోసారి తుడిచాక కింద ఉక్కు కనిపించింది, ఒక్క గీత లేదు. అన్నేళ్లూ ఆ జిగురు కిందే ఉంది. రెండో ఆదివారం అక్షరాలు. పక్కన అమ్మ కూర్చుంది. కుంకుమ తీయడం తనకి ఇష్టం ఉండదేమో అని భయపడ్డాను. తనే కళ్లజోడు పెట్టుకుని టూత్‌పిక్ తీసుకుని 'వాల్తర్' అన్న అక్షరాలు ఒక్కొక్కటే శుభ్రం చేసింది. కుంకుమ బొట్టు ఇప్పుడు ఇనప పెట్టె మూతకి పెట్టింది.

తుప్పు మచ్చలు పదకొండు. తొమ్మిది పైసా అంచుతో లేచిపోయాయి. రెండుచోట్ల సూదిమొనంత గుంటలు మిగిలాయి. సార్ చెప్పినట్టు వదిలేశాను. చిందీలు పధ్నాలుగు పట్టాయి. మొదటివి నల్లగా, మధ్యలో బూడిదరంగులో సీసం పొలుసులతో, చివరి రెండు దాదాపు తెల్లగా వచ్చాయి. పిడి మురికి ఒకసారే తుడిచాను. బొటనవేలు మెరుపు అలాగే ఉంది. గుళ్లు అప్పగించి రసీదు తీసుకున్నాను.

బోల్టు ఇప్పుడు చివరిదాకా వస్తోంది. కానీ చేత్తో పట్టుకుని నెమ్మదిగానే మూస్తున్నాను. బఫర్ ఇంకా రాలేదు. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర చెప్పి పెట్టాను. ఈలోగా నూనె ఎన్నాళ్లకోసారి మార్చాలి సార్?

---

రాసినవారు: అల్వాల్ ఆర్మరర్ (రిటైర్డ్)

చాలా బాగా చేశారమ్మా. వానలు ఉన్నన్నాళ్లూ నెలకోసారి గుడ్డ విప్పి చూడండి. చేత్తో పట్టుకున్న ప్రతిసారీ పెట్టెలో పెట్టేముందు నూనెగుడ్డతో తుడవండి, వేలి చెమటలో ఉప్పు ఉంటుంది. దీపావళి దాటాక మూడు నెలలకోసారి చాలు. బఫర్ వేశాక మొదటిరోజు మ్యాగజైన్‌లో ఒక్క గుండే పెట్టి కాల్చండి. అది బాగా నడిస్తే రెండు, తర్వాత ఐదు. ఎప్పుడైనా ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగి, అప్పుడు బోల్టు తెరవండి. రేంజ్‌కి వెళ్లే తేదీ ముందుగా ఇక్కడ రాస్తే నేను కూడా వస్తాను. ఆ ట్రిగ్గర్ దిమ్మ ఒకసారి నా కంటితో చూడాలని ఉంది.